రొట్టె తినడానికా, అమ్మడానికా?

బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నెల జీతం ఆగిపోయిన మనిషి ఏం చేస్తాడు? ఇంటి ముందు గదిలో కిరాణమో, కుట్టుపనో పెట్టుకుంటాడు. బోధన్‌లోనూ, నిజామాబాద్ మొహల్లాలలోనూ ఇలాంటి దుకాణాలు ఎన్నో. బోర్డు మీద పేరు ఆయనది, గల్లాపెట్టె తాళం ఆయనది. ఆయన జుహర్ నమాజుకు వెళ్ళినా, సరుకు కోసం గంజికి వెళ్ళినా దుకాణం చూసుకునేది భార్య. గుండీలు, కాజాలు ఆమె పనే. ఎవరికి ఎంత ఉద్దెర ఇచ్చారో గుర్తుంచుకునేదీ ఆమే. ఆమె కష్టానికి ఏమిస్తున్నారని అడిగితే, "ఆమె తినేది నా సంపాదనే కదా మౌలానా!" అంటారు.

షరీఅత్ దృష్టిలో ఈ జవాబు నిలవదు. భార్య తిండి, బట్ట, నివాసం భర్తపై వాజిబ్. ఆమె దుకాణంలో కూర్చున్నా, కూర్చోకపోయినా అది ఆమె హక్కే. అబూ సుఫ్యాన్ (రజి) సరిపడా ఖర్చు ఇవ్వడం లేదని ఆయన భార్య హింద్ (రజి) మొరపెట్టుకున్నప్పుడు, తనకూ పిల్లలకూ సరిపోయేంత ధర్మసమ్మతంగా ఆయన సొమ్ములోంచి తీసుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతించారు. నీవు ఆయన వ్యాపారంలో పనిచేస్తున్నావా అని అడగలేదు. కాబట్టి అన్నం పెట్టి అదే కూలి అనడమంటే, ఒకే పైకంతో రెండు బాకీలు తీర్చానని చెప్పడమే.

అలాగని ఇంట్లో ప్రతి పనికీ కూలి కట్టాలా? అక్కరలేదు. మన హనఫీ గ్రంథం 'దుర్రె ముఖ్తార్'లో ఒక మస్అలా ఉంది. ఇంట్లో తినడానికి రొట్టె చేయమని భర్త భార్యను కూలికి పెట్టుకుంటే చెల్లదు, అమ్మడానికి చేయమని పెట్టుకుంటే చెల్లుతుంది. పిండి అదే, పొయ్యి అదే, చేతులు అవే. రొట్టె బజారుకు పోతుందన్న ఒక్క కారణంతో హుకుం మారిపోయింది. మదరసాలో దీన్ని వల్లెవేసి ముందుకు సాగిపోయాము. దుకాణాల్లో కూర్చున్న తల్లులను చూశాకే దాని బరువు తెలిసింది. మన జిల్లాలో బీడీలు చుట్టే సోదరికి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క ఉంది, చాలామందికి పీఎఫ్ ఖాతా కూడా ఉంది. భర్త దుకాణంలో పనిచేసే సోదరికి ఏ లెక్కా లేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఏమీ లేని స్థితి నుండి భార్యాభర్తలు కలిసి కష్టపడి సొమ్ము కూడబెడితే అది భర్తదేనని, భార్య సహాయకురాలు మాత్రమేనని, ఆమెకు వేరే సంపాదన ఉంటే అది ఆమెదని 'ఫతావా ఆలంగీరీ'లో ఉంది. కొందరు సోదరులు దీన్నే చూపిస్తారు. మా అవగాహనలో ఇది ఏమీ మాట్లాడుకోని దంపతుల సంగతి. ఒప్పందం చేసుకోవద్దని అందులో లేదు. మొరాకోలో 16వ శతాబ్దపు మాలికీ ఖాజీ ఇబ్నె అర్‌దూన్ అయితే, పొలంలో కష్టపడిన భార్యకు ఆ రాబడిలో వాటా ఉందన్నారు. మనం హనఫీలం, ఆ ఫత్వా మనది కాదు. కాని మౌనం వల్ల ఎవరు నష్టపోతారో ఆయన చూశారు.

ఆ నష్టం భర్త మరణించిన నాడు బయటపడుతుంది. అప్పులు పోగా దుకాణం విలువ 2,40,000 రూపాయలు అనుకుందాం. తల్లిదండ్రులు లేరు, కొడుకులు లేరు. భార్య, ఇద్దరు కూతుళ్ళు, ఒక తమ్ముడు ఉన్నారు. కూతుళ్ళకు 1,60,000, భార్యకు ఎనిమిదో వంతు 30,000, మిగిలిన 50,000 తమ్ముడికి. దుకాణం గడప తొక్కని తమ్ముడికి, అందులోనే వయసు కరిగించుకున్న ఆమె కంటే ఎక్కువ! ఇది అల్లాహ్ నిర్ణయించిన వాటాల లోపం కాదు, అల్లాహ్ క్షమించుగాక. ఆమె కష్టాన్ని కూడా భర్త ఆస్తిలో రాసేసిన మన లోపం. సగం భాగస్వామ్యమని ముందే ఒప్పుకుని ఉంటే 1,20,000 ఆమె చేతిలో ఉండేది, పంపకం మిగతా సగానికే జరిగేది. నెల జీతం ఒప్పుకుని ఇవ్వకుండా ఉంటే అది అప్పు, వారసత్వం పంచకముందే తీర్చాలి.

ఆమే వద్దంటే? సంతోషంగా వదులుకోవచ్చు. ఇబ్నె మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) తన సొమ్ము భర్త కోసం ఖర్చు చేస్తే రెండింతల పుణ్యమని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అయితే అది జైనబ్ సొమ్మేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎంతో చెప్పకుండా, అడగకుండా తీసుకున్నదాన్ని ఆమె దానమని ఎలా అంటాము?

ఆమె గొలుసు అమ్మి కుట్టు మిషను కొన్న ఇళ్ళలో ముందు తేలవలసింది ఆ గొలుసు సంగతే. అది కానుకా, అప్పా, పెట్టుబడా? ఆమెనే అడగండి, అత్తమామల ముందు కాకుండా. చెప్పింది కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి.