వాణ్ణి అడిగారా?

కాపెల్‌లో కాపురం పెట్టిన తెలుగువాడికి రెండు విషయాల మీద అభిప్రాయం లేకపోతే జరగదు. ఒకటి స్కూళ్ళు, రెండోది కౌబాయ్స్. స్కూళ్ళ కోసమే ఇక్కడ ఇల్లు కొంటాం కాబట్టి మొదటిది సరే. రెండోది మనం కోరి తెచ్చుకున్నది కాదు. సోమవారం పొద్దున్న ఆఫీసులో కాఫీ దగ్గర నలుగురిలో నోరు మెదపాలంటే ఆదివారం ఆట చూసి ఉండాలి. అలా మొదలై, రెండేళ్ళు తిరిగేసరికి మనం కూడా టీవీ ముందు నిలబడి కోచ్‌ని తిడుతూ ఉంటాం. పైగా 2016లో ఫ్రిస్కోకి మారేదాకా కౌబాయ్స్ ఆఫీసూ, ప్రాక్టీసు మైదానమూ మా పొరుగునే, అర్వింగ్ వేలీ రాంచ్‌లో ఉండేవి. పక్కింటివాళ్ళ గొడవ మనకెందుకని ఊరుకునే జాతి కాదు కదా మనది.

2008 అక్టోబరు 14న కౌబాయ్స్ ఒక బేరం చేశారు. డెట్రాయిట్ లయన్స్ దగ్గర్నుంచి రాయ్ విలియమ్స్ అనే రిసీవర్ని తెచ్చుకున్నారు. రిసీవర్ అంటే పరిగెత్తుకుంటూ వెళ్ళి, విసిరిన బంతిని అందుకునేవాడు. బదులుగా 2009 డ్రాఫ్టులో మొదటి రౌండు, మూడో రౌండు, ఆరో రౌండు వంతులు ఇచ్చేశారు. అటు నుంచి ఓ ఏడో రౌండు కొసరు వచ్చింది. ఈ వంతుల సంగతి తెలియనివారికి ఒక్క మాట. ఏటా వసంతకాలంలో జట్లన్నీ వరసలో నిలబడి కాలేజీ కుర్రాళ్ళని ఏరుకుంటాయి. ఆ వరసలో మన వంతుని ముందే అమ్ముకోవచ్చు. మన వైపు మామిడితోటని పూత మీదే అమ్మేసినట్టన్నమాట. కాయ ఎంత దిగుతుందో కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

ఆ శనివారం సాయంత్రం మా మిత్రుడొకాయన ఇంట్లో పది కుటుంబాలం కలిశాం. ఆడవాళ్ళు వంటింట్లో, మేం టీవీ గదిలో. లీమన్ బ్రదర్స్ మునిగి నెల దాటింది. రిటైర్మెంటు డబ్బు ఎంత కరిగిందో చూసుకోవడానికి భయపడి ఎవరూ ఆ కాగితాల కవర్లు విప్పడం లేదు. ఆ సంగతి ఎత్తకుండా మాట్లాడుకోవడానికి మాకు దేవుడిచ్చిన వరంలా దొరికాడు రాయ్ విలియమ్స్.

"ఇంకో ఐదు నెలలు ఆగితే కాంట్రాక్టు అయిపోయి వాడే వచ్చేవాడు కదండీ, దానికి ఇంత ధారపోయాలా?" అని గుంటూరాయన. "ఐదు నెలలాగితే ఈ సీజను ఎవడాడతాడన్నా? రోమో చిటికెన వేలు విరిగి కూర్చున్నాడు, అరిజోనాలో ఓడొచ్చాం" అని వరంగల్ కుర్రాడు. ముప్పై నాలుగేళ్ళ టెరెల్ ఓవెన్స్ ఉండగా ఇంకొకడెందుకని ఒకరు, ఉన్నాడు కాబట్టే కావాలని ఇంకొకరు. 2000లో ఇలాగే రెండు మొదటి రౌండ్లు ఇచ్చి సియాటిల్ నుంచి జోయీ గాలోవేని తెస్తే మొదటి ఆటలోనే మోకాలు పోయిందని నేను గుర్తుచేశాను. "వాడూ వీడూ ఒకటేనా?" అని నా మీద పడ్డారు.

అందరికంటే గట్టిగా ఈ బేరాన్ని సమర్థించినాయనకి యాభై దాటాయి. వైటూకే రోజుల్లో ఒకసారి వచ్చి వెళ్ళి, మళ్ళీ వచ్చినాయన. మెయిన్‌ఫ్రేముల మీద చెయ్యి తిరిగినవాడు. మా ఆఫీసులో నా టీములోనే కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. "ఇది వ్యాపారమండీ. ఇవాళ పనికొచ్చేవాణ్ణి ఇవాళ తెచ్చుకోవాలి. పనైపోయినవాణ్ణి పంపించెయ్యాలి. ఇందులో మనసులో పెట్టుకోవాల్సిందేమీ లేదు" అన్నాడు.

గారెల పళ్ళెం తెచ్చిన ఇంటావిడ అదంతా విని, "ఇంతకీ వాణ్ణి అడిగారా, వస్తావా అని?" అంది. అందరం నవ్వాం. అడగక్కర్లేదమ్మా, కాంట్రాక్టులోనే ఉంటుందన్నాం. కోట్ల డాలర్లిస్తున్నారన్నాం. వాడు టెక్సాస్‌వాడే, ఒడెస్సాలో పెరిగాడు, ఎగిరి గంతేసి ఉంటాడన్నాం. "గంతేశాడో లేదో కాదు, అడిగారా అంటున్నా. పోనీ వాడి పెళ్ళాన్నడిగారా?" అంది. వాడికి పెళ్ళయిందో లేదో మనకేం తెలుసని ఎవరో అంటే మళ్ళీ నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వలేదు. మొగుడి ప్రాజెక్టుల వెంట ఆరేళ్ళలో నాలుగు రాష్ట్రాలు తిరిగిన మనిషి.

నేను నవ్వానుగానీ గారె గొంతు దిగలేదు. కారణం అక్కడ నాకొక్కడికే తెలుసు. రెండు రోజుల ముందు, గురువారం నాడు, మా పైవాడు అడిగితే నా టీములో కాంట్రాక్టువాళ్ళ పట్టిక తయారుచేసి పంపాను. పేరు, గంటకి రేటు, అనుభవం, ఆ పక్కన నా అభిప్రాయం. ముగ్గురిలో ఇద్దర్ని వదులుకోవాలి. వదులుకోవాల్సిన వరసలో మొదట నేను రాసిన పేరు, ఆ గదిలో కూర్చుని వ్యాపారమండీ అన్నాయనదే. రేటు ఎక్కువ, ఆయనకి వచ్చిన పనికి రోజులు దగ్గరపడ్డాయి. లెక్క ప్రకారం నేను రాసింది తప్పు కాదు, ఇవాళ చూసినా కాదు. సోమవారం దాకా ఎవరికీ చెప్పకూడదని ఆజ్ఞ.

ఆయనది హెచ్-1 వీసా. ఉద్యోగం పోతే అరవై రోజులు గడువిచ్చే నిబంధన 2017 జనవరిలో గానీ రాలేదు. 2008లో పని ఆగిన రోజుతోనే కాళ్ళ కింద నేల కదిలేది. కూతురు కాపెల్ హైస్కూల్లో పదకొండో తరగతి. రెండు రోజులు ముందు తెలిస్తే ఆ శనాదివారాల్లో పదిమందికి ఫోన్లు చేసుకుని ఉండేవాడు. ఇరవై మంది తెలుగువాళ్ళున్న ఇంట్లోనే ఉన్నాం, చెయ్యి చాపితే అందే దూరంలో.

నేను చెప్పలేదు. ఉద్యోగధర్మం అనుకున్నాను. అంతకంటే హీనమైన పని ఇంకొకటి చేశాను. ఆయన మాటనే ఆయన మీద అనుమతిగా తీసుకున్నాను. చూశావా, ఆయనే ఒప్పుకుంటున్నాడు, మనసులో పెట్టుకోడట అని ఇంటికొస్తూ కారులో నాకు నేను చెప్పుకున్నాను.

ఒక మనిషి ఆట నియమాన్ని ఒప్పుకుంటే, ఆ నియమం తన మీద పడినప్పుడు కూడా ఒప్పుకున్నట్టేనా? చాలా ఏళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. సంతకం పెట్టినవాడు ఒప్పుకున్నట్టేనని చట్టం అంటుంది. బేస్‌బాల్లో కర్ట్ ఫ్లడ్ అనే ఆయన ఉండేవాడు. సెయింట్ లూయిస్ జట్టుకి పన్నెండేళ్ళు ఆడాక 1969లో ఆయన్ని ఫిలడెల్ఫియాకి మార్చేశారు. ఏడాదికి 90 వేల డాలర్లు, ఆ రోజుల్లో రాజభోగం. నేను కొనుక్కుని అమ్ముకునే సరుకుని కానని బేస్‌బాల్ కమిషనర్‌కి ఉత్తరం రాసి, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు. అంత జీతం తీసుకుంటూ ఏడుపేమిటని అప్పుడూ చాలామంది అన్నారు. మేం గారెలు తింటూ అన్నది కూడా అదే. జీతం ఎక్కువైతే అడగాల్సిన పని తగ్గుతుందనే ఈ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకర్థం కాదు.

అడగక్కర్లేకుండా తనంతట తను వదులుకున్నవాడు కూడా ఉన్నాడు. అదే 2008లో ఐ.పి.ఎల్. మొదటి వేలానికి ముందు మన హైదరాబాదు లక్ష్మణ్, తనకిస్తానన్న ఐకాన్ హోదా వద్దన్నాడు. ఆ హోదా ఉంటే జట్టులో అందరికంటే పదిహేను శాతం ఎక్కువ జీతం. అది తను తీసుకుంటే జట్టుకి మంచి ఆటగాళ్ళని కొనడానికి డబ్బు మిగలదని. ఆ ఏడు డెక్కన్ చార్జర్స్ అట్టడుగున నిలిచింది, అది వేరే సంగతి. తన విలువ తగ్గించుకోవాలా వద్దా అన్నది తనే తేల్చుకున్నాడు, నాకు నచ్చింది అది.

మా నాన్న సంతలో ఎద్దుల్ని కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. అందులో ఆయనకి మొహమాటం ఏమీ లేదు. కానీ ముసలి ఎద్దుని సంతకి తోలాల్సి వస్తే మాత్రం తను వెళ్ళేవాడు కాదు, పాలేరుని పంపేవాడు. ఆ పూట అన్నం తినేవాడు కాదు. పాలేరు ఏం చేసేవాడో, తినేవాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. సోమవారం పొద్దున్న మా ఆయనకి కబురు చెప్పింది కూడా నేను కాదు, ఆయన కన్సల్టింగ్ కంపెనీవాళ్ళు ఫోన్లో చెప్పారు. నేను మాత్రం ఆ పూట లంచ్ మానలేదు.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. రాయ్ విలియమ్స్ ఆ సీజన్లో డాలస్ తరఫున పది ఆటల్లో పట్టినవి 19 బంతులు. ఆఖరి ఆటలో ఫిలడెల్ఫియా మనల్ని 44-6తో చిత్తు చేసింది. మరుసటేడు అక్టోబరులో ఆయనకి పక్కటెముకలు నొప్పి చేసి కూర్చుంటే, ఆయన బదులు దిగిన మైల్స్ ఆస్టిన్ అనే కుర్రాడు కాన్సస్ సిటీ మీద 250 గజాలు సంపాదించాడు. కౌబాయ్స్ చరిత్రలో అంతకుముందు ఎవరూ ఒక్క ఆటలో అన్ని సంపాదించలేదు. డ్రాఫ్టులో ఏ రౌండులోనూ ఎవరూ ఏరుకోని కుర్రాడు, 2006 నుంచీ మన బెంచీ మీదే ఉన్నాడు. ఆ రోజు గంటన్నర అరుచుకున్నాం గానీ వాడి పేరు మాలో ఒక్కరి నోటా రాలేదు. పెరటిచెట్టు మందుకి పనికిరాదు కదా. 2011లో రాయ్‌నీ వదిలేశారు. నా పట్టికలో నేను అట్టిపెట్టుకున్న కుర్రాడు నాలుగు నెలల్లో గంటకి ఐదు డాలర్లు ఎక్కువొస్తుందని వెళ్ళిపోయాడు.

ఇలా అయింది కాబట్టి తప్పు చేశానని అంటున్నానని అనుకోవద్దు. అభిమానులు అలాగే లెక్కేస్తారు. గెలిస్తే మంచి బేరం, ఓడితే చెత్త బేరం. 2018 అక్టోబరులో మళ్ళీ ఒక మొదటి రౌండు ఇచ్చి ఓక్లండ్ నుంచి అమారీ కూపర్ని తెచ్చినప్పుడు మా వాళ్ళందరూ గాలోవే, విలియమ్స్ పేర్లు చదివి శాపనార్థాలు పెట్టారు. అతను వచ్చాక తొమ్మిది ఆటల్లో ఏడు గెలిచేసరికి అదే నోళ్ళు మహత్తరమైన బేరం అన్నాయి. నేను అట్టిపెట్టుకున్న కుర్రాడు పదేళ్ళు ఉండి కంపెనీని ఉద్ధరించినా సరే, ఆ శనివారం నేను నోరు మూసుకోవడం దానివల్ల ఒప్పైపోదు.

మా ఆయనకి మూడు వారాలకి ఒహాయోలో క్లీవ్‌లండ్ దగ్గర పని దొరికింది. అదృష్టమే. ముందు ఆయనొక్కడే వెళ్ళాడు, క్రిస్మస్ సెలవుల్లో భార్యా కూతురూ వెళ్ళారు. ఆ పిల్ల స్కూలు బ్యాండులో క్లారినెట్ వాయించేది. సామాను ఎక్కించే రోజు నేనూ వెళ్ళి సోఫా ఒక పక్క పట్టుకున్నాను. "మీరు లేకపోతే ఆ ఆఫీసులో అన్నాళ్ళు కూడా ఉంచేవారు కాదండీ" అన్నాడు. సోఫా బరువుగా ఉందని చెప్పి ఊరుకున్నాను.

ఆయన ఇప్పటికీ కౌబాయ్స్ మనిషే. 2022 మార్చిలో కూపర్ని, జీతం ఎక్కువైపోయిందని, ఒక ఐదో రౌండుకీ, ఆరో రౌండుల మార్పిడికీ క్లీవ్‌లండ్‌కి ఇచ్చేశారు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "ఏవండీ, మీ వాణ్ణి మా ఊరు పంపించారే! మొదటి రౌండు పెట్టి కొన్నవాణ్ణి ఐదో రౌండుకా?" అని నవ్వాడు. మంచు ఇంకా కురుస్తోందా అని అడిగాను. కురుస్తోందన్నాడు. కూతురి సంగతి, మనవడి సంగతి చెప్పాడు. మధ్యలో మాట ఆగింది. చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను. "జలుబు చేసిందా ఏమిటి, అల్లం టీ తాగండి" అని, పక్కన వాళ్ళావిడ ఎందుకో పిలుస్తుంటే మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.