రంపానికి రెండో కొస

బొల్లాపల్లిలో మా ఇంటి వెనక రేకుల పంచే మా నాన్న వడ్రంగి కొట్టం. ఆ పొట్టు వాసనలోనే పెరిగాను నేను. మంచాలూ, బల్లలూ, తలుపులూ అక్కడే తయారయ్యేవి. ఊళ్ళో ఎవరింటి మంచం చూపించినా "మీ నాన్న చేసిందే" అంటారు. చాలాకాలం నేనూ అలాగే అన్నాను.

జ్ఞాపకాన్ని కాస్త గీకి చూస్తే కనిపించేది వేరు. తుమ్మ దుంగ కోసేటప్పుడు పెద్దరంపం ఒక కొస నాన్న పడితే రెండో కొస అమ్మ పట్టేది. కుసి చెక్కి బెజ్జంలో దించడం నాన్న పని. కోళ్ళకి గరుకు కాగితం రుద్ది నునుపు చెయ్యడం, నులక అల్లడం అమ్మ పని. నులక బిగువు ఒకపక్క ఎక్కువై ఒకపక్క తక్కువైతే, కుసులు ఎంత బాగా కుదిరినా మంచం వంకరపోతుంది. అయినా నాన్న చేసేది 'పనితనం', అమ్మ చేసేది 'సాయం'. ఈ రెండు మాటల మధ్య గీత గీసిందెవరు?

2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకం మొదలైంది. 18 చేతివృత్తుల వాళ్ళకి గుర్తింపు కార్డు, శిక్షణ, పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం, తనఖా లేని అప్పు. వడ్రంగం కూడా వాటిలో ఉంది. అయితే భార్యాభర్తలూ, పెళ్ళికాని పిల్లలూ కలిసి ఒక కుటుంబం. కుటుంబానికి ఒక్కరే లబ్ధిదారు. ఆ ఒక్కరు స్త్రీ కాకూడదని ఎక్కడా లేదు. కానీ మా ఇంట్లో ఆ ప్రశ్నే పుట్టలేదు. నాన్న పేరు రాశారు. అడిగితే అమ్మ నవ్వింది. "ఎవరి పేరైతే ఏందిలేవే, అప్పు కట్టేది ఇద్దరమేగా."

ఇది ఔదార్యమా, అలవాటా? అమ్మకి లేని బాధని నేను నేర్పుతున్నానా? చాలా రోజులు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చివరికి నాకు తోచిందిది: అడగాలన్న ఊహే రాకుండా పెంచి, అడగకపోవడాన్ని అంగీకారంగా లెక్కవేయడం న్యాయం కాదు. అమ్మ తృప్తి అమ్మది. లెక్కలో తప్పు మాత్రం మనది.

ఆ తప్పులో నా వాటా కూడా చెప్పాలి. నా పిహెచ్.డి. సాహిత్యంలో స్త్రీల శ్రమ మీద. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' గురించి అందులో పేజీలకి పేజీలు రాశాను. అదే సిద్ధాంతగ్రంథంలో కృతజ్ఞతల పేజీ తీస్తే, "నాన్న పనితనానికి, అమ్మ ఓర్పుకి" అని ఉంది. నేను రాసిందే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మ కొత్త మంచానికి నులక అల్లుతోంది. నాకూ నేర్పమన్నాను. మూడు వరసలకే వేళ్ళు ఒరుసుకుపోయాయి. అమ్మ నా వరసలన్నీ విప్పేసింది. "బిగువు చేతికి తెలియాలే. ఒక్కరోజులో వచ్చుద్దా?"

ఓర్పని నేను రాసింది ఒక విద్యని. పుస్తకంగా వేసేటప్పుడు ఆ వాక్యం దిద్దుతాను, అది నా చేతిలో పని. దరఖాస్తులో రెండో పేరుకి చోటు అడగడం మాత్రం నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు.