ఎవరూ కూర్చోని కుర్చీ

పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో జరిగే డిజైనర్ ఫర్నిచర్ వేలంపాటల కేటలాగులు తిరగేస్తే ఒక కుర్చీ పదే పదే కనబడుతుంది. టేకు చట్రం, అల్లిన పేము సీటు, పేము వీపు, తలకిందులు చేసిన ఇంగ్లీషు ‘వి’ అక్షరంలాంటి కాళ్ళు. చూడగానే ఎక్కడో చూశామే అనిపిస్తుంది, అంత మామూలుగా ఉంటుంది. వెనకవైపు చట్రం మీద రంగుతో రాసిన అక్షరాలూ అంకెలూ ఉంటాయి. కళాకారుడి సంతకం కాదది. ఈ కుర్చీ ఫలానా ఆఫీసుది, నంబరు ఇంత అని స్టోరువాళ్ళు రాయించిన గుర్తు. కేటలాగులో దానికి విడిగా ఒక ఫోటో కూడా వేస్తారు. సర్కారీ గుర్తు ఉంటే సరుకు అసలుదని కొనేవాడికి ధైర్యం. అప్పుడది లక్షల రూపాయలు పలుకుతుంది.

చండీగఢ్ కుర్చీ అంటారు దాన్ని. దేశవిభజనలో లాహోరు అటు పోయాక ఇటు పంజాబుకి కొత్త రాజధాని కావలసివచ్చింది. 1951లో ఆ పనికి లె కోర్బూజియే వచ్చాడు. పెద్ద పేరు ఆయనది. కానీ ఆయన వచ్చి వెళ్తుండేవాడు. అక్కడే మకాం పెట్టి, ఎండలో తిరిగి, పని చేయించింది వరసకి సోదరుడైన పియెర్ జాన్నరే. 1965 దాకా ఉన్నాడు. 1967లో పోతే, అతని చితాభస్మాన్ని తర్వాత చండీగఢ్ తెచ్చి సుఖ్నా సరస్సులోనే కలిపారు. ఊరితో అతని అనుబంధం అలాంటిది.

కొత్త ఊరికి సచివాలయం, హైకోర్టు, అసెంబ్లీ, విశ్వవిద్యాలయం అన్నీ కొత్తవే. వాటన్నిటికీ వేలకొద్దీ కుర్చీలు, బల్లలు, బీరువాలు కావాలి. డబ్బు తక్కువ. అందుకని దొరికే కర్ర, దొరికే పేము, ఆ చుట్టుపక్కల వడ్రంగి షాపులు. డ్రాయింగు ఒకటే అయినా చేతులు వేరు కాబట్టి ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ కాస్త తేడా ఉంటుంది. డ్రాయింగులు కూడా జాన్నరే ఒక్కడివే కావు. అతనితో పనిచేసిన యూలీ చౌధురీ లాంటి భారతీయ ఆర్కిటెక్టుల పాలు అందులో ఎంతో ఇప్పటికీ తేలని తగువు. వడ్రంగుల గురించి తగువు కూడా లేదు, తగువు పెట్టుకోవడానికైనా పేర్లు ఉండాలి కదా.

తర్వాతి కథ మనకి తెలిసిన కథే. పేము తెగింది. కాలు వదులైంది. ఇనప కుర్చీలూ ప్లాస్టిక్ కుర్చీలూ వచ్చాయి. సర్కారీ లెక్కల్లో ఒక కుర్చీకి పేము అల్లించడం కంటే దాన్ని ‘కండెమ్’ చేయడం తేలిక. కుర్చీలు మేడలమీదికీ షెడ్ల వెనక్కీ చేరాయి, ఎండకీ వానకీ నానాయి, కుప్పలుగా వేలంలో తుక్కు ధరకు పోయాయి. 1990ల చివర్నించి పారిస్ డీలర్లు కొందరు ఆ వేలాలకు వచ్చారు. కొన్నారు, బాగుచేయించారు, ప్రదర్శించారు, పుస్తకాలు వేశారు.

పత్రికల్లో ఈ కథ రాగానే మనకొచ్చే మొదటి మాట: దోచుకుపోయారు. నాకు ఈ మాట మింగుడుపడదు. రాత్రిపూట కన్నం వేయలేదెవరూ. రసీదు మనమే ఇచ్చాం. పైగా ఆ డీలరు చేసింది కూడా ఒక పనే. అందరూ కట్టెలు చూసినచోట అతను కుర్చీని చూశాడు. ఆ చూపు లేకపోతే వాటిలో చాలా మటుకు పొయ్యిలోకి పోయేవి. చూపుకి కూలి ఇవ్వాలంటే ఇవ్వాల్సిందే. ఎంత ఇవ్వాలన్నది వేరే సంగతి.

అయితే ఆ ధరలో ఇంకెవరి పాలు ఉంది? గీసినవాడిది ఉంది, కోసి బిగించినవాడిది ఉంది. ఎవరూ లెక్కలోకి తీసుకోని మూడో మనిషి, కూర్చున్నవాడు. ఇది వేళాకోళానికి అనడం లేదు. పాత కలప మీద వచ్చే ఆ నిగారింపుకి కొనేవాళ్ళ ప్రపంచంలో పటీనా అని పేరు, దానికి విడిగా విలువ. చేతి ఆన్పు మీద ఆ నునుపు ఎక్కడిది? నలభై ఏళ్ళు ఫైళ్ళు రాసిన గుమాస్తా మోచేతిది. అతని చెమటది, కొబ్బరినూనెది. కొత్త కుర్చీకి లేని ధర పాతదానికి రావడంలో అతని జీవితకాలం కూడా కలిసి ఉంది. బాగుచేసేవాడు అంతా చిత్రిక పట్టేయకుండా అతని గుర్తులు కొన్ని జాగ్రత్తగా ఉంచుతాడు కూడా. మనిషిని వదిలేసి అరుగుదలని మాత్రం అమ్మడం అన్నమాట.

చట్టం ఇలాంటి బాకీని ఒకచోట గుర్తించింది. మన కాపీరైటు చట్టంలో 53ఎ అని ఒక సెక్షను ఉంది. చిత్రమో శిల్పమో మళ్ళీ అమ్ముడై ధర పదివేలు దాటితే, సృష్టించినవాడికి అందులో వాటా అడిగే హక్కు ఉంది. కుర్చీ ఆ జాబితాలో లేదు. వారసత్వ సంపద ఎగుమతిని ఆపే 1972 చట్టం నూరేళ్ళు దాటినవాటికి గాని పురావస్తువన్న పేరు ఇవ్వదు. కుర్చీలకి ఇంకా ఆ వయసు రాలేదు. 2011లో కేంద్ర హోంశాఖ ఈ సామాను అమ్మకాన్ని ఆపమని చెప్పింది. అప్పటికే చాలా పోయింది.

నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించేది ఆ తర్వాత మనం చేసిన పని. విదేశంలో ధర పలికిందాకా అది తుక్కు. పలికాక వారసత్వం. తాళం వేసి ఉంచు, మ్యూజియంలో పెట్టు, చుట్టూ తాడు కట్టు. పారిస్ ధనికుడి హాల్లోనూ దానిమీద ఎవరూ కూర్చోరు, మన మ్యూజియంలోనూ కూర్చోరు. ఇద్దరం కలిసి కుర్చీని కుర్చీ కాకుండా చేశాం. దీన్ని పరిరక్షణ అనడానికి నాకు నోరు రాదు. మన గోదావరి జిల్లాల ఇళ్ళ భోషాణాలు చూడండి. ధాన్యమో ఇత్తడి సామానో దాచుకున్న పెట్టెలు రిసార్టు రిసెప్షన్లో పూలకుండీ కింద పీటలయ్యాయి. మూత తీస్తే లోపల ఏమీ ఉండదు.

అందమైన వస్తువు వాడుకలో ఉంటే ఆ అందం తరుగుతుందనే భయం ఒకటి దీనికి మూలం అనుకుంటాను. ఆ భయం అక్కర్లేదని చెప్పే వస్తువు ఒకటుంది. ఇసాము నొగూచి శిల్పి. 1951లోనే, జపాన్‌లో గిఫు అనే ఊరికి వెళ్ళాడు. అది కాగితం లాంతర్లకి పేరున్న ఊరు, అప్పటికి ఆ పని చితికిపోయి ఉంది. వెదురు బద్దల మీద మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితం అతికించి, లోపల కరెంటు బల్బు పెట్టి ‘అకారి’ దీపాలు చేయించాడు. అకారి అంటే వెలుగు. 1986లో వెనిస్ బినాలేలో అమెరికా తరఫున తన శిల్పాలతోబాటు ఈ దీపాలూ పెట్టాడు. రాయి పక్కన కాగితమా అని ముఖం చిట్లించినవాళ్ళు ఉన్నారు. వాటిని గిఫులో ఒజెకి అనే సంస్థ ఇప్పటికీ చేత్తోనే చేస్తోంది. చినిగితే కొత్తది వేలాడదీసుకోవచ్చు. శిల్పం ఏది, సామాను ఏది అన్న ప్రశ్న దానికింద కూర్చుని పుస్తకం చదువుకునేవాడికి రాదు.

చండీగఢ్ కుర్చీకి అలాంటి బతుకు సాధ్యమేనా? బెంగళూరులో ఒక కార్ఖానా ఆ నమూనాలని మళ్ళీ చేత్తో చేస్తోంది. ‘ఫాంటమ్ హ్యాండ్స్’ దాని పేరు, కనబడని చేతులు అనుకోవచ్చు. ధర సామాన్యుడికి అందేది కాదు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పేము అల్లేవాడికి ఈ నెల జీతం వస్తుంది. పాత కుర్చీ చేతులు మారినప్పుడల్లా కోట్లు తిరిగినా అతనికి పైసా రాదు. రెండిట్లో ఏది కొంటే మనసు తేలిగ్గా ఉంటుందో నావరకు సందేహం లేదు. హైదరాబాదులో రోడ్డుపక్క ఇరవై ఏళ్ళుగా పేము అల్లేవాడి దగ్గరికి మన ఇంటి పడక్కుర్చీ తీసుకెళ్ళినా అంతే. పాత గుర్తు ఏ అంకెతో ఉందని అతను అడగడు, సీటు వెడల్పెంతని అడుగుతాడు.

అమెరికన్ కళాకారిణి ఏమీ సీగల్ ఈ కుర్చీల ప్రయాణం మీద ‘ప్రావెనెన్స్’ అని ఒక సినిమా తీసింది. కథని వెనకనించి ముందుకి చెప్తుంది: ముందు ధనికుల ఇళ్ళు, తర్వాత వేలం, బాగుచేసే షెడ్లు, ఓడ, చివర్న చండీగఢ్. మాట ఒక్కటీ ఉండదు. 2013లో ఆ సినిమానే లండన్ క్రిస్టీస్‌లో వేలానికి పెట్టింది. కొన్నారు. ఆఖర్న కనబడే చండీగఢ్ ఆఫీసుల్లో కుర్చీలు కొన్ని ఇంకా ఉన్నచోటే ఉన్నాయి, మనుషులు వాటిమీద కూర్చుని పని చేసుకుంటున్నారు.