రంది మనాదిగా మారక మునుపే



మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములందు మనస్సునకు సంబంధించిన మాటలు రెండు కలవు. ఒకటి రంది, రెండవది మనాది. బడికి పోయిన బిడ్డ ప్రొద్దుగ్రుంకినను రానిచో తల్లికి కలుగునది రంది. బిడ్డ గడప త్రొక్కగనే అది పోవును. "మనాదితో మంచము పట్టిండు" అని ఊరిలో ఒకని గూర్చి అనుకొనిరన్నచో, ఆ మాట వెనుక నెలల బరువు, ఒక్కొక్కప్పుడు ఏండ్ల బరువు ఉండును. దేహమునకు వచ్చు బాధను వ్యాధి యనియు, మనస్సునకు వచ్చు బాధను ఆధి యనియు సంస్కృతమున వేరుగ చెప్పుదురు. మనాది యను పలుకులో ఆ ఆధి నా చెవికి వినబడుచునే యుండును. నేడు పత్రికలవారు, వైద్యులు మానసిక ఒత్తిడి యనుచున్న దానికి మన అవ్వలు, తాతలు ఏనాడో రెండు దశలు గుర్తించి రెండు పేర్లు పెట్టిరి. మొదటిది రెండవదిగా ఎట్లు మారును, నడుమ ఎచ్చట ఆపవచ్చును అనునదే ఈ ప్రసంగ విషయము.

హాన్స్ సెల్యే అను వైద్యశాస్త్రజ్ఞుడు కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున ఎలుకలపై పరిశోధనలు చేసి, 1936లో ఒక విషయమును ప్రకటించెను. చలి కానిండు, గాయము కానిండు, మితిమీరిన శ్రమ కానిండు, కారణము ఏదైనను దేహము ఇంచుమించు ఒకే తీరున స్పందించును. మొదట ఉలికిపడును. పిమ్మట తట్టుకొని నిలుచును. బాధ తొలగనిచో తుదకు అలసిపోవును. మూత్రపిండములపై టోపీల వలె కూర్చున్న రెండు చిన్న గ్రంథులు ఈ పనిలో ముఖ్యమైనవి. దారిలో పాము కనబడినప్పుడు గుండె వేగముగ కొట్టుకొనుట, కాళ్లకు బలము వచ్చుట వాని చలువయే. అది మేలే. కాని అప్పు పాము వంటిది కాదు. పాము తన దారిన తాను పోవును. అప్పు రేయింబవళ్లు ఇంటిలోనే కూర్చుండును. అప్పుడు దేహము దిగని పరుగునకు సిద్ధమై నెలల తరబడి నిలిచియుండును. నిద్ర చెడును, ఆకలి తప్పును, రక్తపు పోటు పెరుగును, చిన్న మాటకు పెద్ద కోపము వచ్చును. భార్య మీద, పిల్లల మీద పడుచున్న ఆ కోపమును స్వభావమని పొరబడుచున్నాము.

సిరిసిల్ల సంగతి చూడుడు. అచ్చట మరమగ్గములను సాంచాలందురు. సేట్లు నూలు ఇత్తురు, ఆసాములు సాంచాలు నడిపింతురు, కార్మికుడు పన్నెండు గంటలు ఆ చప్పుడు నడుమ నిలుచుండి గుడ్డ నేయును. 2000 తరువాతి ఏండ్లలో ఆ పట్టణమున నేతన్నల ఆత్మహత్యల వార్తలు పత్రికలలో ఎన్నిసార్లు చదివితిమో! 2017 నుండి కొన్ని ఏండ్లు బతుకమ్మ చీరల పని దొరికినప్పుడు అనేకులు ఊపిరి పీల్చుకొనిరి. పని లేని నాడు ఒత్తిడి, పని ఎక్కువైన నాడు మరియొక ఒత్తిడి. ఆదిలాబాదు పత్తి రైతునకు ఇంకొక తీరు. వానను నమ్మి నల్లరేగడిలో విత్తనము వేసి, ఏరించి, బండి నింపుకొని మార్కెట్ యార్డునకు వచ్చును. అచ్చట సీసీఐ వారు తేమ కొలిచెడి యంత్రమును పత్తిలో గ్రుచ్చుదురు. తేమ నూటికి 8 పాళ్లలోపు ఉన్నచో పూర్తి మద్దతు ధర; 12 పాళ్ల వరకు కోత; అంతకు మించినచో కొనరు. రాత్రి కురిసిన మంచు ఆ రైతు చేతిలో ఉన్నదా? ఆరు నెలల శ్రమ ఆ చిన్న యంత్రపు ముల్లు మీద నిలుచును.

ఇట్టి వారికి "అంతయు శివుని పై వేసి నిశ్చింతగ నుండుము" అని వేదిక మీద చెప్పుట సులభము. చెప్పి దిగిపోవువారికి అప్పు లేదు గదా! బసవేశ్వరుడు ఆ విధముగ చెప్పలేదు. ఆయన స్వయముగ కల్యాణమున బిజ్జలుని భండారమును మోసినవాడు. భండారము శరణుల పాలు చేయుచున్నాడని రాజునకు కొండెములు చెప్పబడినవాడు. లెక్కల ఒత్తిడి, నిందల ఒత్తిడి ఆయనకు తెలియనివి కావు. ఆ కథలను 13వ శతాబ్దమున మన పాలకురికి సోమనాథుడు బసవపురాణమున తేట తెనుగు ద్విపదలలో చెప్పినాడు.

శరణుల చరిత్రలలో ఈ విషయమునకు మిక్కిలి దగ్గరగ వచ్చునది ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల ఐతిహ్యమని నా అభిప్రాయము. మారయ్య కల్యాణపు వీధులలో రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చును. లక్కమ్మ వండి జంగములకు పెట్టును. మిగిలినది వారు ఆరగింతురు. అదియే వారి కాయకము. ఒకనాడు గింజలు ఎక్కువగ దొరకగా మారయ్య మూట నింపుకొని సంతోషముగ ఇల్లు చేరెను. లక్కమ్మ మూట బరువు చూచి సంతసింపలేదు. మనకు కావలసినది ఇంతయే, తక్కినది తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. చాలమంది ఈ కథను దురాశ కూడదనుటకు చెప్పుదురు. నాకు మరియొకటి కనబడును. ఆ ఇంటిలో బియ్యము ఎంత వచ్చినదో భార్యకు తెలియును. ఎంత కావలెనో ఇద్దరికిని తెలియును. మూట దాచిన చోటు లేదు.

మన ఇండ్లలో ఎంత అప్పు ఉన్నదో భార్యకు తెలిసిన ఇండ్లు ఎన్ని? బిడ్డ పెండ్లికి ఫంక్షన్ హాలు, వందల విస్తళ్లు, బంగారము. లింగదీక్షకు సైతము వీధి పొడుగున షామియానా. "నలుగురు ఏమనుకొందురో" అని చేసిన అప్పును ఆ నలుగురికి చెప్పలేము, ఇంటిలోనివారికిని చెప్పము. (దీక్షకు గురువు, లింగము, విభూతి చాలునని మఠములవారు గట్టిగ చెప్పిన బాగుండును. ఎందుకో చెప్పరు.) శ్రమ వలన వచ్చిన అలసట నిద్రతో పోవును. దాచిన దాని బరువు నిద్రనే తినివేయును. రంది మనాదిగా మారునది ఇచ్చటనే.

జగిత్యాల, నిర్మల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన కొడుకులు ఫోను చేయుదురు. "మంచిగున్న అవ్వా" అని వాడనును. "మేమూ మంచిగనే ఉన్నం బిడ్డా" అని తల్లి యనును. వాని జీతము మూడు నెలలుగ రాలేదు. ఆమెకు మోకాళ్ల నొప్పితో లేచుట కష్టముగ నున్నది. ప్రేమతోనే దాచుచున్నారు, నిజమే. కాని ఫోను పెట్టిన పిమ్మట ఇద్దరును ఒంటరులే. ఒక్కసారి "జీతం రాలే అవ్వా" అని వాడన్నచో ఆమె ఏడ్చును, మరునాడు లేచి పెద్దనాయన నడుగును, ఏజెంటు నడుగును. దారి ఏదియో వెదకబడును.

మా ఉపాధ్యాయులు చూచునది పిల్లల సంగతి. 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చినప్పుడు ఇరువదిమందికి పైగా పిల్లలను రాష్ట్రము పోగొట్టుకొన్నది. తరువాత పత్రములు మరల పరిశీలింపగా తప్పినవారిలో వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. మార్కుల కాగితము తప్పు కావచ్చును, ఒప్పు కావచ్చును. దానిని తండ్రికి చూపుటకు బిడ్డ భయపడుచున్నాడన్నచో ఆ తండ్రి ఫలితములకు ముందే బిడ్డను పిలిచి "తప్పితే మళ్ల రాద్దువు గాని" అని నోరార చెప్పవలెను. ఫలితములు వచ్చిన పిదప చెప్పుట ఆలస్యము.

కల్యాణమందలి అనుభవ మంటపము ఎందులకు? అల్లమప్రభువు అధ్యక్షుడు, అక్కమహాదేవి, మడివాళ మాచయ్య మొదలైన శరణీ శరణులు, చాకలి, మేదరి, నేతగాడు, మంత్రి అందరును ఒక్కచోట కూర్చుండి తమ అనుభవమును చెప్పుకొనిరి. వచనమనగా పలికినది యని గదా అర్థము. బసవేశ్వరుడు తన మనస్సు నిలకడ లేనిదని, తనలో లోపములు కలవని దాచక పలికిన వచనములు అనేకము. మంత్రి పదవిలో ఉండి ఆ మాట నలుగురిలో అనుట మాటలా? ఆయనకు లేని సిగ్గు మనకెందులకు?

ఇష్టలింగ పూజను గూర్చియు ఒక మాట. పుణ్యము సంగతి గురువులు చెప్పుదురు; నేను దేహము సంగతి చెప్పుచున్నాను. ఎడమ అరచేతిలో లింగము నుంచి, చూపు నిలిపి, ఊపిరి మెల్లగ తీసి అంతకన్న మెల్లగ విడిచినప్పుడు గుండె వేగము తగ్గును. వైద్యులు నేడు ఒత్తిడికి చెప్పుచున్న మొదటి అభ్యాసము ఇదియే. అయితే ఒక చేతిలో లింగము, రెండవ చేతిలో సెల్‌ఫోను ఉన్నచో ఫలితము లేదు. మందమర్రి, శ్రీరాంపురము గనులలో రాత్రి షిఫ్టు చేసి వచ్చు సింగరేణి కార్మికులు పూజ కొరకు నిద్ర మానవలదు. మొదట పడుకొనుడు, లేచిన పిమ్మట పూజించుడు. శివుడు వేచియుండును.

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించుట మన ప్రాంతపు ఆచారము. చెల్లింపుడు, మనస్సు తేలికపడును. కాని నిద్రలేమి, దేనియందును ఆసక్తి లేకుండుట, ఊరకే కన్నీరు వచ్చుట రెండు వారములు దాటినచో మొక్కుతో పాటు వైద్యుని చూడవలెను. అది పిచ్చి కాదు. మధుమేహము, రక్తపు పోటు వలె చికిత్స కల వ్యాధి. బ్రతుకు వలదను తలంపు వచ్చినచో రెండు వారములు కాదు, రెండు గంటలు కూడ ఆగరాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను సేవను ప్రారంభించినది. సంఖ్య 14416. రేయింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును. ఎదుటివాడు అట్టి మాట అన్నప్పుడు మందలింపవలదు. ప్రక్కన కూర్చుండి వినవలెను, ఒంటరిగ విడువరాదు.

మఠాధిపతులకు, సంఘ పెద్దలకు ఒక విన్నపము. సోమవారము భజన ముగిసిన పిమ్మట అరగంట దీపము ఆర్పకుడు. మైకు వలదు, ఉపన్యాసము వలదు. చాపలు పరచి కూర్చుండుడు. ఆడవారు వెనుక వరుసలో కాక వలయములో కూర్చుండవలెను. ఒకరు చెప్పినది బయట పొక్కరాదని ముందే మాట తీసికొనుడు. మొదటి రెండు వారములు ఎవరును నోరు విప్పరు. మూడవ వారము ఎవరో ఒకరు సాంచాల కిస్తీ సంగతి ఎత్తుదురు. ఇండ్లకు వచ్చు జంగమయ్యలును పంటలెట్లున్నవి, మగ్గమెట్లున్నది అని అడిగి పోక, "రాత్రి నిద్ర పడుతున్నదా?" అని ఇంటి ఇల్లాలిని, ఇంటాయనను వేరువేరుగ అడుగవలెను.