కాలంతో పందెం: సైకిల్ పోటీలూ స్మృతి స్వరూపమూ

గడిచిపోయిన రోజుల మీద మనిషికి కలిగే బెంగ నిజంగా గతాన్ని గురించినదేనా, లేక గతం పేరు పెట్టుకుని వర్తమానంలోని మనసు అల్లుకునేదా అన్న ప్రశ్న తత్త్వశాస్త్రంలో పాతదే అయినా, దాన్ని పరీక్షించి చూడడానికి, తమ యౌవనాన్ని సెకన్లతో సహా లెక్కగట్టి రాసిపెట్టుకున్న మనుషులు దొరకడం అరుదు. వారమంతా ఏదో ఒక పని చేసుకుని, ఆదివారం తెల్లవారుజామున సొంత ఖర్చుతో పందేలకు వెళ్లిన ఇంగ్లండు ఔత్సాహిక సైకిలిస్టులు అటువంటివారు.

19వ శతాబ్దం చివర, పోలీసులు సైకిళ్లనే రోడ్డెక్కనివ్వరేమోనన్న భయంతో అక్కడి జాతీయ సైకిల్ సంఘమే రహదారి మీద గుంపు పందేలు వద్దనగా, 1895 నుంచి ఎఫ్.టి. బిడ్లేక్ వంటివారి చొరవతో టైమ్ ట్రయల్, అంటే పోటీదారులను ఒక్కొక్క నిమిషం తేడాతో ఒంటరిగా వదిలి, నిర్ణీత దూరానికి ఎవరికెంత సమయం పట్టిందో చూసి గెలుపు తేల్చే పద్ధతి, వేళ్లూనుకుంది. ఎవరి కంటా పడకుండా ఉండేందుకు చాలాకాలం నల్లని దుస్తులే వేసుకునేవారు. దారులకు పేర్లకు బదులు అక్షరమూ అంకే కలిసిన సంకేతాలు ఉండేవి, రహస్యం అక్కర్లేని నేటికీ అవే ఉన్నాయి. బయలుదేరే చోట ఒకరు జీను వెనక పట్టుకుని సైకిలును నిటారుగా నిలబెడితే, రెండు పాదాలూ పెడళ్లకు బిగించుకున్న పోటీదారు ముందుకు వంగి, కాలమాపకుడు చివరి ఐదు సెకన్లను పైకి లెక్కపెట్టడం వింటాడు.

ఆ కాలమాపకుడు, తెలిసినా తెలియకపోయినా, భారతీయ దర్శనాలలో ఒకటైన వైశేషికాన్ని అనుసరించేవారి పక్షం. కాలం తొమ్మిది ద్రవ్యాలలో ఒకటనీ, అది ఒక్కటే, నిత్యం, సర్వవ్యాపకమనీ, ముందు వెనక అన్న వ్యవహారానికి అదే కారణమనీ వారి మతం. యోగసూత్రాలకు వ్యాసభాష్యం చెప్పే కాలం వేరు: ఉన్నది ఒక్క క్షణమే, రెండు క్షణాలు ఎన్నడూ కలిసి ఉండవు కనుక గంటలూ రోజులూ బుద్ధి కూర్చుకున్న సముదాయాలే తప్ప వస్తువులు కావని దాని వాదం. క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీను ఈ కూర్పు ఎలా జరుగుతుందో తెలిసిన కీర్తనను పాడేవాడి దృష్టాంతంతో వివరించాడు: పాడకముందు కీర్తన అంతా ఎదురుచూపులో ఉంటుంది, పాడే కొద్దీ స్మృతిలోకి జారుతుంది. సగం దూరం వెళ్లి అదే దారిన తిరిగివచ్చే 25 మైళ్ల పందానికి ఈ మాట ఇంకా బాగా అతుకుతుంది.

అయితే ఆ స్మృతిని ఎంతవరకు నమ్మవచ్చు? నైయాయికుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో స్మృతిని కేవలం సంస్కారం వల్ల, అంటే పూర్వానుభవం మిగిల్చిన ముద్ర వల్ల, పుట్టే జ్ఞానంగా నిర్వచించి, యథార్థమైన స్మృతి ఉండవచ్చునన్నా దానికి ప్రమ, అంటే ప్రామాణిక జ్ఞానం, అన్న హోదా ఇవ్వలేదు. ఆ హోదా యథార్థమైన అనుభవానికే. ఈ కట్టడి న్యాయమైనదే కాని, కాగితం మీది అంకెకు అందనిది స్మృతిలో దొరికే సందర్భాలున్నాయి. 1967లో జరిగిన 12 గంటల పందెంలో, రూబార్బ్ తోటలో కూలిపని చేసుకునే బెరిల్ బర్టన్ 277.25 మైళ్లు తొక్కింది. అదే పోటీలో మైక్ మెక్‌నమారా 276.52 మైళ్లతో పురుషుల రికార్డు నెలకొల్పి కూడా ఆమె వెనకే మిగిలాడు. ఆమె దూరాన్ని మరో మహిళ దాటింది 2017లోనే. ఆ అంకెలు రికార్డుల్లో ఉన్నాయి. అతణ్ని దాటిపోతూ ఆమె అతిమధురం మిఠాయి ఒకటి అందించిందనీ, అతను తీసుకున్నాడనీ తెలిసింది మాత్రం మనుషులు గుర్తుపెట్టుకుని చెప్పడం వల్ల.

ఈ సైకిలిస్టుల బెంగ పోయిన వేగం మీద అనుకోవడం తేలిక, కాని ఆ ఊహకు ఆ పోటీల్లోనే ఒక అడ్డంకి ఉంది. నలభై దాటినవారి సంఘం ప్రతి వయసుకూ ఒక ప్రమాణ సమయాన్ని నిర్ణయించి, దానికన్నా ఎంత తక్కువ పట్టిందన్నదాన్ని బట్టి గెలుపు తేలుస్తుంది. డెబ్బై ఏళ్లవాడు నిరుటికన్నా నెమ్మదిగా తొక్కి కూడా నిరుటికన్నా మెరుగైన ఫలితం సాధించవచ్చు. వేగమే కోల్పోయిన వస్తువైతే ఈ పట్టిక బెంగను మాన్పి ఉండాలి, మాన్పలేదు. కారణం అగస్టీను దృష్టాంతంలోనే కనిపిస్తుంది: వృద్ధుడు తలచుకునే ఆదివారంలో ముప్పాతిక భాగం ఎదురుచూపే, అందుకే అతను కోరుతున్నది గతాన్నని చెప్పడం కన్నా, గతంలో తనకున్న భవిష్యత్తునని చెప్పడం సరైనది. 1956లో రే బూటీ 100 మైళ్లను 3 గంటల 58 నిమిషాల 28 సెకన్లలో పూర్తిచేసి, నాలుగు గంటల హద్దును తొలిసారి దాటాడు. తర్వాతివారు ఆ సమయాన్ని ఎంతగానో తగ్గించారు గాని, నాలుగు గంటల లోపు సాధ్యమా అని ఎదురుచూసే అవకాశం ఆ రోజుతో అందరికీ, బూటీకి సైతం, ముగిసిపోయింది.