కాలు కింద పెడితే ఓడినట్టేనా?

మా ఊరి నుంచి బడికి వచ్చే దారిలో చెరువు కట్ట దాటగానే ఒక మిట్ట ఉంది. హోసూరు చుట్టుపక్కల ఇలాంటి మిట్టలు చాలానే ఉన్నాయి, కాబట్టి దానికి పేరంటూ ఏమీ లేదు. సైకిళ్ళ మీద వచ్చే మేము నలుగురం మాత్రం అక్కడ ఒక నియమం పెట్టుకున్నాం. కింద నుంచి పైన చింతచెట్టు దాకా కాలు కింద పెట్టకుండా ఎక్కాలి. పెడితే ఓడినట్టే. గెలిచినవాడి పేరు పక్కన ఒక నోట్‌బుక్కులో టిక్కు, ఓడినవాడి పేరు పక్కన ఇంటూ మార్కు. మా సైకిళ్ళకు గేర్లు లేవు. ఏడాదిలో నా పేరు పక్కన అన్నీ ఇంటూ మార్కులే.

పోయిన కార్తీక మాసంలో ఒక పొద్దున నేను సగం పైనే ఎక్కేశాను. నాకు ముందు ఒక తాత, చామంతిపూల మూటలు కట్టిన సైకిల్‌ను నెట్టుకుంటూ పోతున్నాడు. నేను దగ్గరికి వచ్చేసరికి తాడు తెగి ఒక మూట జారింది. సైకిల్ ఒరిగిపోయింది. ఆయన ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో మూట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏది వదిలినా పూలన్నీ రోడ్డు పాలు. నన్ను చూశాడు, ఏమీ అడగలేదు. నేనూ ఆగలేదు. ఆ రోజే మొదటిసారి చింతచెట్టు దాకా కాలు పెట్టకుండా చేరాను. ముందే చేరిన ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నాలుగోవాడు చాలాసేపటికి సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. వాడి చొక్కా నిండా పసుపురంగు రేకులు. వాడికి ఇంటూ మార్కు వేశాం.

ఈ వ్యాసంలో నేను అడిగే ప్రశ్న ఇదే. మనకు మనం ఇచ్చుకున్న మాట పెద్దదా, దారిలో ఎదురైన మనిషి పెద్దా?

నా తరఫున చెప్పుకోవడానికి కొన్ని మాటలు ఉన్నాయి. పట్టుదల మంచి గుణమని మన టీచర్లే చెబుతారు. మొదలుపెట్టిన పని మధ్యలో వదలకూడదంటారు. ఆ తాత నన్ను పిలవలేదు. వెనక ఇంకొకడు వస్తున్నాడని నాకు తెలుసు. ఇవన్నీ నిజాలే. అయినా రాత్రి పడుకుంటే ఆయన చూపే గుర్తుకొచ్చేది.

ఈ సంగతి మా పెద్దమ్మ కొడుకుతో ఫోన్‌లో చెప్పాను. అన్న ఇంగ్లండ్‌లో టాంటన్ అనే ఊళ్ళో పనిచేస్తున్నాడు. సెలవు దొరికితే సైకిల్ తీసుకుని ఎక్స్‌మూర్ వైపు పోతాడు. మూర్ అంటే చెట్లు పెద్దగా లేని ఎత్తైన బయలు. నేలంతా హెదర్ అనే పొట్టి పొద. ఆగస్టులో అది పూస్తే కొండలు ఊదారంగుకు మారిపోతాయట. గొర్రెలు, పొట్టి గుర్రాలు రోడ్డు మీదికే వచ్చేస్తాయి. ఆ బయలు ఉత్తరాన నేరుగా సముద్రంలోకి దిగుతుంది. అందుకని తీరం వెంట పోయే రోడ్డు ఒకసారి సముద్రం దాకా దిగి, వెంటనే కొండ ఎక్కుతుంది.

ఆ రోడ్డులో పార్లాక్ అనే ఊరి దగ్గర ఒక కొండ ఉంది. రోడ్డు సముద్రమట్టం దగ్గర మొదలై సుమారు 400 మీటర్ల ఎత్తుకు పోతుంది. బాగా నిటారుగా ఉన్నచోట నాలుగు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. పక్కనే అడవిలోంచి మెలికలు తిరుగుతూ పోయే ఇంకో దారి ఉంది. అది పొడవు ఎక్కువ, ఎక్కుడు తక్కువ, కానీ సుంకం కట్టాలి. రెండు దారులూ పైన అదే బయలుకు చేరతాయి. అక్కడ కూడా సైకిల్ తొక్కేవాళ్ళకు నిటారు దారిలో కాలు పెట్టకుండా ఎక్కడమే గొప్ప. అన్న మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ దిగాడట.

"దిగితే ఏమైంది అన్నా?" అని అడిగాను.

"ఏమవుతుందిరా, నడిచాను. కొండ అక్కడే ఉంది, నేనూ పైకి చేరాను" అన్నాడు. తర్వాత ఆ రోడ్డు మీదే జరిగిన ఒక కథ చెప్పాడు.

1899 జనవరి 12. సముద్రంలో పెద్ద తుఫాను. ఫారెస్ట్ హాల్ అనే ఓడ ప్రమాదంలో పడింది. అందులో 18 మంది ఉన్నారు. లిన్‌మత్ అనే ఊళ్ళో లూయిసా అనే ప్రాణరక్షక పడవ ఉంది, కానీ అలల వల్ల అక్కడ దాన్ని నీళ్ళలోకి దించడం కుదరలేదు. అప్పుడు ఆ ఊరివాళ్ళు పడవను బండి మీద పెట్టి, గుర్రాలు కట్టి, తామూ తాళ్ళు పట్టి, కొండ మీదుగా పార్లాక్ రేవుకు లాక్కుపోయారు. దూరం 13 మైళ్ళు, అంటే సుమారు 21 కిలోమీటర్లు. చీకటి, వాన, గాలి. ఎక్కుడులో లాగారు. పార్లాక్ కొండ దిగుడులో బండి జారిపోకుండా వెనక్కి పట్టారు. ఇరుకైన చోట గోడ కూలగొట్టి దారి చేసుకున్నారు. తెల్లవారేసరికి పడవ రేవు చేరింది. ఓడలోని 18 మందీ బతికారు.

ఆ రాత్రి ఆ కొండ మీద అందరి కాళ్ళూ బురదలోనే ఉన్నాయి. ఎవరూ ఎవరికీ ఇంటూ మార్కు వెయ్యలేదు.

ఈ కథ విన్నాక నాకు ఒకటి అర్థమైంది. నియమాలు చెడ్డవి కావు. మా నియమం వల్లే నా కాళ్ళకు బలం వచ్చింది. కానీ బలం ఎందుకు అనేది నేను ఆలోచించలేదు. తాళ్ళు పట్టినవాళ్ళకు బలం లేకపోతే పడవ కదిలేదే కాదు. వాళ్ళ బలం 18 మందికి అందింది. నా బలం నా టిక్కు మార్కు దగ్గరే ఆగిపోయింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ప్రతిసారీ "పక్కవాడి కోసం దిగాను" అని చెప్పుకుంటే అది కూడా మోసమే. కాళ్ళు నొప్పి పుట్టి దిగి, దానికి దయ అని పేరు పెట్టకూడదు. మా అవ్వ తిరుమల మెట్లు నడిచి ఎక్కింది. ఆమెను అడిగితే, "మొక్కున్నాక ఎక్కాల్సిందే నాయనా. మధ్యలో ఎవరో పాప ఏడిస్తే ఎత్తుకున్నా. దానికి మొక్కు తప్పుతుందా?" అంది. అంటే మొక్కు వదల్లేదు, పాపను వదల్లేదు. దిగేటప్పుడు మనల్ని మనం అడగాల్సింది ఒక్కటే: దింపింది నా అలుపా, ఎదుటి మనిషి అవసరమా? ఈ జవాబు బయటివాళ్ళకు తెలియదు. మనకు తెలుస్తుంది.

నోట్‌బుక్కులో నా టిక్కు కొట్టేస్తానని ఆ నాలుగోవాడితో అన్నాను. వాడు వద్దన్నాడు. "ఎక్కావు కదరా, అది అబద్ధం కాదు" అన్నాడు. అందుకే అది అలాగే ఉంది. వాడి ఇంటూ మార్కు కూడా అలాగే ఉంది, దాన్ని మార్చమని వాడు అడగలేదు. మిత్రులారా, ఆ పేజీ తీస్తే ఇప్పుడు నా కళ్ళు ముందు వాడి పేరు మీదికే పోతాయి.