సామాను లిస్టు నువ్వే రాయి

కర్దనూర్

బిడ్డా,

నువ్వు పుట్టింటికి వచ్చి ఏడాది దాటింది. ఇక కలిసి ఉండేది లేదని మీరిద్దరూ అనుకున్నాక, ఎందుకు తెగిందని నేను అడగను. పాశమైలారంలో నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే బస్సు దిగే నిన్ను వాడకట్టోళ్లు అడిగేది చాలు. వాళ్లకు నువ్వేం జవాబు బాకీ లేవు. "విడిపోయాం" అని ఒక్కమాట చెప్పి నడిచిపో.

నా భయం మనవాళ్ల గురించే. మీ బాపు పదిమందిని వెంటబెట్టుకొని వాళ్లింటి మీదికి పోతానంటున్నాడు. "ఇజ్జత్ పోయింది, పెట్టిందంతా గుంజుకొస్తా" అంటున్నాడు. అది బిడ్డ మీది ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమతోనే మొగోళ్లు ఆడపిల్ల తెగతెంపులను తమ కొట్లాట చేసుకుంటారు. ఇక అది తెగదు.

తెలంగాణ నుంచి పోయిన కేసే ఒకటి 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 1999లో పెళ్లయి అమెరికా పోయిన అమ్మాయి 2016లో అక్కడే విడాకులు తీసుకుంది, లెక్కలన్నీ తేల్చుకుంది, 2018లో మళ్లీ పెళ్లి చేసుకుంది. 2021లో ఆమె తండ్రి, పెళ్లినాటి బంగారం ఇవ్వలేదని పాత వియ్యాలవారి మీద కేసు పెట్టాడు. కోర్టు కొట్టేసింది. స్త్రీధనం పూర్తిగా ఆమెది, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రి కూడా అడగలేడంది. ఆమె కొత్త సంసారంలో ఉండగా పాత పెళ్లి మళ్లీ పోలీస్ స్టేషన్‌కు ఎక్కింది చూడు, అదే నాకు బాధనిపించింది.

అందుకే సామాను లిస్టు నువ్వే రాయి. ఒక పూట కూర్చో. బీరువా, మంచం, ఇత్తడి బిందెలు, పుస్తెలతాడు ఎన్ని తులాలు, కమ్మలు ఎవరు పెట్టారు, రసీదు ఎక్కడుంది. కావాలనుకున్నది అడుగు. వద్దనుకున్నది కొట్టేయి, కానీ ఆ గీత నీ చేత్తోనే పడాలి. నన్నడిగితే బంగారం వదలొద్దు. కష్టకాలానికని పెట్టిందే అది.

పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టిస్తే పని అయిపోయిందనుకోకు. మన కులంలో అలా విడిపోయే ఆచారం ఉందని రుజువైతే తప్ప, చట్టం లెక్కలో నువ్వింకా అతని భార్యవే. సంగారెడ్డి కోర్టుకు పో. ఏడాదికి పైగా విడిగా ఉన్నారు కనుక ఇద్దరూ కలిసి హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద విడాకులకు అర్జీ పెట్టుకోవచ్చు. తర్వాత ఆరునెలల గడువు ఉంటుంది. మీ మధ్య అన్నీ తేలిపోతే దాన్ని కోర్టు తీసేయొచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజు కోసం మీ అన్న ముందు చేయి చాపకు. ఆడవాళ్లకు, సంపాదన ఎంతైనా సరే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది.

నీ కొడుకు ముందు వాళ్ల నాన్నను ఎవరినీ తిట్టనివ్వకు. వాడి నోట కబుర్లు పంపకు. స్కూలు ఫీజు అడగాలన్నా నువ్వే ఫోన్ చెయ్యి. పెళ్లి ఆల్బమ్ మీ అమ్మ చింపేస్తానందట, ఆపు. అది వాడిది కూడా.

ఏడుపొస్తే ఏడువు. అతను గుర్తొచ్చినంత మాత్రాన తిరిగి పోవాలని కాదు, నువ్వు తీసుకున్న నిర్ణయం తప్పనీ కాదు. అన్నేళ్లు కలిసి బతికిన మనిషి గుర్తు రాకుండా ఎలా ఉంటాడు?

ఆదివారం నీకు వీక్లీ ఆఫ్ అట కదా. లిస్టు తీసుకొని మా ఇంటికి రా. మీ బాపుతో నేను మాట్లాడతా.

మీ పెద్దమ్మ